తెల్ల డబ్బా

కొర్లగుంట సందులో మా ల్యాబు.
ఆరున్నరకే పరగడుపు రక్తాలు మొదలు.
బల్ల చివర తెల్ల డబ్బా, పక్కన కట్టర్.
సూది తెగి కర్రుమంటేనే
ఆ మనిషితో నా పని తీరినట్టు.

పుత్తూరు నించి కొత్తగా వచ్చిన పిల్ల లిఖిత
వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోయింది,
పెన్నుకు క్యాపు పెట్టినంత పద్ధతిగా.
మణికట్టు పట్టుకుని ఆపాను.
"మూత పెట్టే చేతికే మే, ముందు గుచ్చుకునేది."
నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

మా నాయన కొండ మీద గుండ్లు గీసేవాడు.
తలకో బ్లేడు ముక్క.
నీలాలు యాడికి పోతాయని అడగని యాత్రికుడు లేడు,
ముక్క యాడికి పోతుందని అడిగినవాడూ లేడు.
మోకాలి పక్కన పాత పౌడరు డబ్బా ఉండేది ఆయనకు,
తల తర్వాత తల, టింగుమని.
ఒకసారి తడి గచ్చు మీద జారిన ముక్క కోసం
వరసలో జనం గొణుగుతున్నా
తెగిపడిన జుట్టంతా దువ్వెనతో గాలించాడు.
"ఈడ అందరివీ ఒట్టికాళ్ళే గదా బిడ్డా"
అన్నాడు నాతో, అంతే.

ఆ మాట నేను మరిచిన రోజు ఒకటుంది.
డెంగ్యూ సీజను, కుర్చీకి ముగ్గురు.
డబ్బా మెడదాకా నిండితే
రేపు మారుద్దాంలే అనుకున్నాను.
సాయంత్రం సంచులు మోసే దేశమ్మ
చూపుడువేలు కొళాయి కింద పెట్టి
చాలాసేపు అట్లే నిలబడింది.
"ఏమీ లేదు పాపా, చీమ కుట్టినట్టుండాది."

ఆ సూది నాదే కావచ్చు, కాకపోవచ్చు.
సూదికి పేరుండదు.
ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు, వాంతులు.
ఆరో వారం, మూడో నెల, ఆరో నెల,
ప్రతిసారీ ఆమె నరం వెతికింది నేనే.
ఏమీ కాదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా
ఆర్నెల్లు మనవరాలికి ముద్ద కలపలేదు దేశమ్మ,
గరిటెతోనే పెట్టింది.
చివరి కాగితం మీద నెగటివ్ అని చదివి వినిపిస్తే
"అంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగింది.

ఇప్పుడు ముప్పాతిక గీత దాటనివ్వను.
మూత నొక్కితే టక్కుమంటుంది, ఇక తెరుచుకోదు.
బండి వచ్చే వేళకి దేశమ్మ దాన్ని
చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపుతుంది,
టెంకాయ బేరమాడేటప్పుడు ఊపినట్టు.
లోపల గలగల.
"అన్నీ లోపలే ఉండాయిలే" అంటుంది,
లిఖిత వైపు కాదు,
నా వైపు చూసి.