వేలిముద్ర

అనాస కళ్ళు ఏటవాలుగా తియ్యాలి,
మేకు మర చుట్టు తిరిగినట్టు,
వరస వెంబడి వరస.
ఈ కిటుకు మా రొసెండా నేర్పింది.
ఫ్యాక్టరీలో గంటకి ఎన్ని పళ్ళు చెక్కుతుందో
నన్నడక్కండి. నేను బుకిద్నోన్ మట్టిరోడ్ల మీద
మోటారు సైకిలెక్కించుకుని మనుషుల్ని దింపేవాణ్ణి.
ఇంట్లో వంట మాత్రం నాది.

ఈ పండుకి ఓ పక్క దెబ్బ తగిలింది,
డబ్బాలోకి పనికిరాదని తోసేశారు.
మాకు పనికొస్తుంది.
అరకోడి, ఐదు నోళ్ళు;
మిగతా అర అనాసే పూడ్చాలి.

వేడి నూనెలో జాఫ్రా గింజలు వేస్తే
నూనె ఇటుకరంగుకి తిరిగింది.
వడకట్టి, కొంచెం గిన్నెలో ఉంచాను.
అల్లం, వెల్లుల్లి, ఉల్లి, ఆపైన కోడి.
గుమ్మంలోంచి మా అత్తగారు తర్సింగ్:
"అనాస ముందే వెయ్యకు, మాంసాన్ని తినేస్తుంది."
పదహారేళ్ళుగా ఇదే మాట.
పదహారేళ్ళుగా నేనెప్పుడూ ముందే వెయ్యలేదు.

రెండింటి షిఫ్టుకి వెళ్ళిన మనిషి
ఐదుకల్లా ఇంట్లో ఉంది.
చెప్పులు విప్పలేదు.
బల్ల దగ్గర కూర్చుని
కుడి బొటనవేలు తిప్పితిప్పి చూసుకుంటోంది,
దారిలో ఎవరో పారేసుకున్నది దొరికినట్టు.

గేటు దగ్గర కొత్త యంత్రం పెట్టారట.
వేలు ఆనిస్తే పచ్చదీపం, లోపలికి పోవచ్చు.
ఈమెకి ఎర్రదీపం.
లంగాకి తుడుచుకుని పెట్టింది, ఎర్రదీపం.
ఎడమచెయ్యి, ఎర్రదీపం.
వెనక వాళ్ళు గొణిగారు.
పదమూడేళ్ళ అనాస రసం
సుడుల్నీ గీతల్నీ నమిలేసి
వేళ్ళని గులకరాళ్ళు చేసింది.
సూపర్‌వైజరు మంచివాడే,
"రేపు ఆఫీసుకి రా,
నువ్వు నువ్వేనని కాగితం రాయిద్దాం" అన్నాడట.

మరి ఈ రోజు కూలి? అని అడగబోయి
గరిటె తిప్పాను.
కొబ్బరిపాలు పోశాను,
చేపల ఊట రెండు చెంచాలు,
అనాస ముక్కలు ఆఖర్న.

ఈలోగా చిన్నది లియాన్
జాఫ్రా నూనెలో వేలు ముంచి
పాత పేపరు మీద అద్దుతోంది.
దానిది, చిట్టి నత్తగుల్ల.
అన్న ఎల్మర్‌ది, అలుక్కుపోయింది, నవ్వాడు మరి.
అమ్మమ్మది, ఎండిన మడి.
నాది, నడుమ సైలెన్సరు కాల్చిన మచ్చ.
ఆపమని నేను అనేలోగానే
వాళ్ళమ్మ వేలు పట్టుకుని ముంచింది.

ఉత్త ఎరుపు. అంతే.
"ఇంకోసారి, గట్టిగా" అంది.
మళ్ళీ ఉత్త ఎరుపు.
రొసెండా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

పెన్సిలు తెచ్చి నాలుగింటి కిందా పేర్లు రాసింది.
ఐదోదాని కింద రాయలేదు.
"అమ్మ పేరేదే?" అన్నాను.
"దీనికెందుకు? తెలిసిపోతోందిగా" అంది,
నన్నో మొద్దుని చూసినట్టు చూసి.

పొయ్యి కట్టేశాను.
ఐదు కంచాల్లో అన్నం, పైన కూర.
రొసెండా ఎప్పట్లాగే అనాస ముక్కలన్నీ ఏరి
ఎల్మర్ కంచంలోకి తోసింది;
రోజంతా ముక్కులో ఉండేది
నోట్లోకి కూడా ఎందుకంటుంది.
పులుసు నాకి చూసి, "ఉప్పు చాల్లేదు."
తనే లేచి చిటికెడు తీసి
అందరి కంచాల్లో రాల్చింది.
పగుళ్ళలో చురుక్కుమనే ఉంటుంది,
పైకి అనలేదు.

తర్సింగ్ ఎముక చీకుతూ చీకుతూ
కోడి మెత్తగా కుదిరిందంది.
పదహారేళ్ళలో మొదటిసారి.
నేను విననట్టు
ఇంకాస్త అన్నం పెట్టుకున్నాను.