పొయ్యిలో పిల్లి

పొద్దున ఆరింటికి ఎర్సీలియా గారి ఫోను.
"కుంపటి ఆరిపోయింది నెరేవో.
తెర మీద ఏదో అంకె మిణుకు మిణుకుమంటోంది.
కళ్లజోడు కనబడ్డం లేదు, నువ్వే వచ్చి చదువు."

కార్నియా కొండల్లో జనవరి.
వ్యాను టైర్లకు గొలుసులు చుట్టి
బూడిద పీల్చే మిషన్ని పక్క సీట్లో కూచోబెట్టి
తొమ్మిది మలుపులు ఎక్కాను.

వంటింట్లో ఆవిడ కోటు మీద కోటు.
కుంపటి మూత మీద ఫరీనా, తెల్ల పిల్లి,
ఇనుము చల్లబడిందంటే నమ్మలేక
కాళ్లు మార్చి మార్చి కూచుంటోంది.
పొయ్యిలో పిల్లి లేవకపోతే
ఆ ఇంట్లో గింజ లేదని అర్థం.
ఇక్కడ గింజలున్నాయి, బస్తాడు.
పిల్లి మాత్రం లేవదు.

అద్దం మీద మసి తుడిచాను.
నిప్పు గిన్నె ఎత్తి చూస్తే
అడుగు చిల్లుల్లో గడ్డకట్టిన బూడిద, మాడిన పాకంలా.
ఒక్కో చిల్లూ మేకుతో పొడిచాను.
జబ్బు అక్కడ కాదు.

గింజల్ని ముందుకు తోసే మర తిరగడం లేదు.
తొట్టి అడుక్కి చెయ్యి పోనిస్తే
తగిలినవి గింజలు కావు,
తడిసి ఉబ్బి విచ్చుకున్న రంపపు పొట్టు,
నానబోసి మరిచిపోయిన అటుకుల్లా.
వాసన చూశాను.
చూడకుండా ఉండాల్సింది.

"పిల్లి దొడ్డి పళ్లెంలో ఏం పోస్తారు?"
"ఈ గింజలే. ఇద్దరికీ ఒకటే బస్తా, చవగ్గా పోతుందని."
"బస్తా మూతి కడతారా?"
ఆవిడ పిల్లి వైపు చూసింది.
పిల్లి కిటికీ వైపు చూసింది.

దాని తప్పేముంది?
అదే స్ప్రూస్ చెక్క వాసన, కాలి కింద అదే గరగర.
నిప్పుకేదో తనకేదో
ఎవరైనా చెప్పారా దానికి?

మర విప్పి గోకాను.
ఎలాగూ మోకాళ్ల మీద ఉన్నాను కదా అని
వెనక పలక కూడా ఊడదీశాను.
వేడిగాలి తోసే ఫ్యాను రెక్కల మధ్య బొచ్చు,
పాత పరుపులో దూదిలా దట్టించి ఉంది.
పట్టకారుతో లాగితే పొరలు పొరలుగా వచ్చింది.
పైన తెలుపు.
దాని కింద ఓ వేసవంతా పేరుకున్న దుమ్ము.
అన్నిటికీ అడుగున, ఇరుసుకు చుట్టుకుని
ఎర్రటి ముతక వెంట్రుకలు.

"ఇదెవరిది?" అన్నాను.
అన్నాక గుర్తొచ్చింది.
ముందటేడు ఇదే గదిలో
నా మేజోడు నమిలి మింగిన ముసలి వేటకుక్క.
బ్రెంటా.

ఆవిడ దగ్గరికి రాలేదు.
సింకు దగ్గరే నిలబడి, "ఎంత ఉంది?"
"గుప్పెడు."
"రెండు చలికాలాలైంది నెరేవో.
ప్రతి ఆదివారం తుడుస్తూనే ఉన్నాను,
ముందు వైపు."
కప్పు కడిగింది. కడిగిన కప్పే మళ్లీ కడిగింది.
"ఉరిమితే చాలు, దాని వెనకే దూరేది.
తోక పట్టి లాగినా వచ్చేది కాదు."

దాచమని ఆవిడ అనలేదు.
పారేయనా అని నేనూ అడగలేదు.
మిషను వేశాను. గొట్టం తెల్లదాన్ని మింగింది,
దుమ్మును మింగింది.
ఎర్రది ఇరుసు వదల్లేదు.
బ్లేడు పెట్టి కోయాల్సి వచ్చింది.

బిల్లు మీద రాశాను: మర, ఫ్యాను, తలుపు అంచుకు మీటరు తాడు.
నోటితో చెప్పాను: బస్తా కాదు, మూతున్న డబ్బా.
వెనక జల్లెడ నెలకోసారి.
పిల్లిని రోజూ దువ్వండి.
"అది దువ్వనిస్తే
నీకు డబ్బులెందుకిస్తాను?"

టక్. టక్. గిన్నెలో గింజలు పడ్డాయి.
కాసేపు పొగ, తర్వాత మంట.
ఫ్యాను గొణక్కుండా తిరిగింది.
ఫరీనా ఒళ్లు విరుచుకుని మూత మీద చుట్ట చుట్టుకుంది.

నేను రెండో బూటు తొడుక్కునే లోపే
ఒక తెల్ల వెంట్రుక గాల్లోకి లేచి
ఏ తొందరా లేకుండా
వెనక వైపుకు బయల్దేరింది.