గోడపువ్వు

మా చెల్లెలు రోసలిండ్‌ని వీధివీధంతా రోజా అనేది.
హంబర్ నది మీంచి వచ్చే ఈదురుగాలికి
అందరికీ ముక్కులు ఎర్రబడితే
దానికి బుగ్గలు ఎర్రబడేవి.
అంతే తేడా.
ఆ తేడాకే పాలవాడు మా గుమ్మంలో
ఒక సీసా ఎక్కువ పెట్టి, లెక్క మరిచిపోయేవాడు.

మేనత్త కూతురు లిల్లీ, పేరుకి తగ్గ తెలుపు.
నాజూకు అనేది మా అమ్మ.
రక్తం తక్కువ అన్నాడు డాక్టరు.
రేవు ఆఫీసులో టైపు కొట్టే ఐరిస్
ఎవరు పలకరించినా మెడ లోపలికి లాక్కునేది.
దాన్ని వయొలెట్ అని పిలిచేవాళ్ళు,
ఐరిసూ పువ్వేనన్న సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు.

నా పేరు మావిస్. అదొక పిట్ట.
పిట్టని ఎవరూ కోటు గుండీకి గుచ్చుకోరు.

శనివారం రాత్రి, సహకార సంఘం హాలు.
అకార్డియన్, ఆరెంజ్ స్క్వాష్,
మైనం రుద్దిన చెక్కనేల.
వేటపడవల కుర్రాళ్ళు తలనిండా సువాసన నూనె,
దాని అడుగున కాడ్ చేపల వాసన.
మా రోజా ముందు వరస.
నేను గోడకి ఆనుకుని
అందరి కోట్లూ, అందరి సంచులూ మోస్తూ.
కోట్లు తగిలించే మేకుకీ నాకూ ఒకటే తేడా,
మేకుకి మడమలు నొప్పెట్టవు.
ఎవడో అన్నాడు, "అదిగో వాల్‌ఫ్లవర్."
ఫక్కుమన్నారు.
అలా నాకూ ఒక పువ్వు పేరు దొరికింది.

దర్జీ కొట్టులో పనిచేసే ఆల్విన్‌ని పాన్సీ అనేవాళ్ళు.
ఆడపిల్లకి పువ్వు పేరు పెడితే ముద్దు,
మగపిల్లాడికి పెడితే ఉమ్మి.
ఆ రాత్రి అతను హాలంతా అడ్డంగా దాటి వచ్చి
"మనిద్దరివీ ఒకే తోట పేర్లు, రా" అన్నాడు.
నా చేతుల్లోని బరువంతా కుర్చీలో పడేసి వెళ్ళాను.
మూడు పాటలు ఆడాం.
పెదాల కింద అంకెలు లెక్కపెట్టుకునేవాడు.
వేళ్ళ నిండా సూది గాట్లు.
నాలుగో పాటకి చూస్తే కుర్చీ ఖాళీ,
కోట్లన్నీ జారి నేలమీద,
రోసలిండ్ కొత్త నీలం కోటు మీద
మొత్తం ఊరి బూట్లు.

మరుసటి వసంతానికి ఆల్విన్ లీడ్స్ వెళ్ళిపోయాడు.
ప్రతి క్రిస్మస్‌కీ ఒక కార్డు,
అంచున ఎర్రదారంతో ఒక కుట్టు.
ఒక ఏడు రాలేదు.
తరవాత ఏ ఏడూ రాలేదు.

నలభై దాటాక నన్ను ముదిరి గింజ కట్టిందన్నారు,
సలాడు ఆకుని అన్నట్టు.
నేను చేపల ఫ్యాక్టరీలో పెద్దకత్తి పట్టుకుని ఉన్నాను,
నా ముందు అనలేదు.

ఇప్పుడు బస్సెక్కితే డ్రైవరు,
మనవడి వయసువాడు,
"ఎక్కడికి, ఫ్లవర్?" అంటాడు.
నా వెనక గడ్డం మేస్త్రీనీ అదే పేరుతో అడుగుతాడు.
మేస్త్రీ మొహం చిట్లించడు, చిల్లర లెక్కపెడతాడు.
నేను ఆల్విన్‌కి కార్డు రాయాలనుకుంటాను,
అడ్రసు లేదు.

రోసలిండ్ ముసలివాళ్ళ హోంలో ఉంది.
బుగ్గల్లో ఎరుపు సన్నసన్న నరాలుగా చీలింది.
ఏప్రిల్‌లో ఒకరోజు చక్రాల కుర్చీలో
పాడుబడ్డ మఠం దాకా తోసుకెళ్ళాను.
పైకప్పు లేదు, గోడలున్నాయి.
సున్నం రాలిన సందుల్లో, గుప్పెడు మట్టి కూడా లేనిచోట
ఆవముద్ద పసుపు, కాలిన ఇటుక ఎరుపు,
గుత్తులు గుత్తులు.
పుట్టగానే పరిమళించిందో లేదో తెలీదు గానీ
ఆ మధ్యాహ్నం గాలంతా దానిదే.

చెల్లెలు కళ్ళు మూసుకుని పీల్చింది.
మళ్ళీ పీల్చింది.
"ఏం పువ్వే అది?"
చెప్పాను.
చాలాసేపు మాట్లాడలేదు.
ఒడిలో దుప్పటి సర్దుకుంది.
ఏదో పెద్దమాట అంటుందనుకున్నాను.

"ఆ రాత్రి నా కోటు తొక్కించావు కదే," అంది.