కాలరు

గులాబీ రంగు పూసిన కోడిపిల్ల,
ఎర్రముక్కపల్లి సర్కిల్లో పది రూపాయలు.
మౌలాగాడు జేబులో పెట్టుకోనొచ్చినాడు.
నాలుగు నీళ్లకు రంగు పోయింది.
పెట్ట అనుకున్నది అయిదో నెలలో
మెట్ల కింద గంపలోనించి మెడ చాపి
పుంజునని చెప్పింది,
తెల్లారి నాలుగ్గంటలకు, వీధి వీధంతటికీ.

ఈ కాలనీలో ఇంటికీ ఇంటికీ నడుమ
చీపురుకట్ట పట్టేంత సందు.
నేను తిరగవాత వేస్తే ఎదురింట్లో తుమ్ముతారు.
ఇల్లుగలామె ఓబుళమ్మ వాకిట్లో నిలబడి
"హుసేనమ్మా, కోసుకోని తిను,
ల్యాకుంటే ఇల్లు చూసుకో" అనింది.
పద్మనాభం సారు కాగితమే రాసినాడు,
కింద పదకొండు సంతకాలు.
పై వాటా నర్సు లీలావతి మాత్రం
నైట్ డ్యూటీ కండ్లతో దిగొచ్చి
"అక్కా, నాకు అప్పుడే రాత్రి" అనింది.
ఆ ఒక్క మాటే నాకు తగిలింది.

గంపకు తడి గోనె కప్పి చూసినా.
తల ఎత్తలేనంత పొట్టి పెట్టెలో పెట్టి చూసినా.
దాంట్లో అది వంగి నిలబడిన తీరుకు
నా నడుము గుర్తొచ్చింది,
ఇరవై ఏండ్లుగా మిషను మీద వంగిన నడుము.

టేపు తీసినా.
ఎందరి మెడలు కొలిచినానో,
ఈకల మెడ ఇదే మొదలు.
పాత బనీను గుడ్డ, అంచుకు అతుకు పట్టీ,
ఊపిరికి ఒక వేలు వదులు.
కూతకు వదల్లేదు.
వేసిన పొద్దు అది వెనక్కి వెనక్కి నడిచింది,
తనలోనించి తానే ఊడి బయటపడాలన్నట్టు.
తెల్లారి నాలుగ్గంటలకు
సైకిల్ ట్యూబులో గాలి దిగిన చప్పుడు.
అందరూ నిద్రపోయినారు.
నేను పోలేదు.

నెల తిరక్కుండానే మెడకింద ఈకలు రాలితే
దూదీ పూతమందూ తెచ్చింది ఎవరనుకున్నారు,
లీలావతే.
"ఆదివారం నాకు సెలవక్కా, ఆ పొద్దు తీసెయ్."

తీసినా.
మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన వదిలితే
చానాసేపు ఊరికే నిలబడింది,
గొంతు యాడ పెట్టి మరిచినానా అన్నట్టు.
తర్వాత కూసింది.

రెండో సందులోనించి ఒకటి పలికింది, గోనె కిందనించి మాదిరి.
పాల డిపో వెనకాల ఇంకోటి, బావిలోనించి మాదిరి.
మూడోది బాగా దగ్గర.
ఎవరో గబుక్కున దుప్పటి పడేసినట్టు
సగంలో ఆగిపాయ.

సోమవారం పద్మనాభం సారు వచ్చినాడు,
చంకలో చొక్కా, బాగానే ఉండే చొక్కా.
అటూ ఇటూ చూసి స్టూలు మీద కూర్చోని
"కాలరు కుట్టల్ల" అన్నాడు.
"మీకా సారూ?"
మాట్లాడకుండా జేబులోనించి దారం ముక్క తీసినాడు,
కొలతకు నడుమ ఒక ముడి.
టేపు మీద పరిచి చూసినా.
మాదానికంటే సన్నం.
"పెరిగే మెడ సారూ,
లోపల అంగుళం మడత పెడతాలే" అన్నా.