జడ లెక్కకొస్తుందా

గురువారం మూడో పీరియడు, నాలుగో తరగతి.
కొమొదోరో గాలి పొద్దుటే లేచి
జెండా కర్రతో తగువు పెట్టుకుంది.
పిల్లలు తెల్ల కోట్లు విప్పి కొక్కేలకు తగిలించారు.
లోపల ఎవరూ లేకుండానే అవి
ఎవరినో తరుముతున్నట్టు ఊగుతున్నాయి.
ఆ కోటుమీద మరక పడితే ఇంట్లో తల్లి ఊరుకోదు.
ఆటలో మాత్రం మరకే దొంగ.
ముట్టుకునే ఆటని మా దేశంలో మాంచా అంటాం,
మరక అని దానర్థం.
తాకితే అంటుకుంటుంది,
ఇంకొకరికి అంటించేదాకా వదలదు.

అందులో విషపు మరక వేరు.
భుజమ్మీద తాకితే భుజం పట్టుకునే పరిగెత్తాలి,
మడమ మీదైతే ఒంగి, కుంటుతూ, తిట్టుకుంటూ.
కిందటి నెల ఫౌస్తో పిర్ర పట్టుకుని
మైదానమంతా తిరిగాడు. ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

వారా బడిలో చేరి నెల కావస్తోంది.
వాళ్ల నాన్న కొండ అవతల కొత్త ఇళ్లకి ఇటుకలు పేరుస్తాడు.
బొలీవియా నుంచి మూడు రాత్రులు బస్సులో వచ్చామని
ఒక్కసారే చెప్పింది, అడిగితే.
మూడు గురువారాలూ ఆమే గెలిచింది.
చివరిదాకా మరక అంటనివాళ్లే గెలిచినట్టు కదా,
నోటుబుక్కులో పేరు రాశాను, చప్పట్లు కొట్టించాను.
నాలుగోసారి గానీ కళ్లు తెరుచుకోలేదు నాకు:
ఆమె వేగంగా ఏమీ పరిగెత్తడం లేదు.
ఆమె వెనక ఎవరూ పరిగెత్తడం లేదు.
చెయ్యి చాపితే అందేంత దగ్గర ఆగి
మొహం పక్కకి తిప్పుకుని
దూరంగా ఉన్నవాళ్ల వెంట పడుతున్నారు.
ఆమె మాత్రం నియమం తప్పకుండా
ఒక్కతే మలుపులు తిరుగుతోంది,
ఒంగుతోంది, తప్పించుకుంటోంది,
గాలి నుంచి.

ఇరవై రెండేళ్లుగా ఈల నా మెడలోనే ఉంది.
ఏం ఊదాలో తెలీలేదు.
ఉపన్యాసం ఇస్తే ఏమవుతుందో తెలుసు,
జాలి కూడా మరకే, ఓ పట్టాన వదలదు.
ఈల తీసి జేబులో పెట్టి నేనే ఆటలోకి దిగాను.
నా కుడి మోకాలు అరిగిందని ఊరందరికీ తెలుసు.
రెనాతా సరిగ్గా దానిమీదే కొట్టింది, గడుగ్గాయి.
మోకాలు పట్టుకుని పీతలా అడ్డంగా ఉరికాను.
నవ్వి నవ్వి కూలబడ్డ ఎలిసేయో
చెవి అందింది నాకు.
తప్పు చేసినవాడిలా చెవి పట్టుకుని లేచి,
కళ్లలో దుమ్ము, ఊపిరందక,
ఎదురుగా ఎవరున్నారో చూడకుండా
రెండో చెయ్యి విసిరాడు.

వారా జడ కొసకి తగిలింది.

అంతా ఆగిపోయారు.
"జడ లెక్కకి రాదు!"
"ఎందుకు రాదు? తలకే ఉందిగా!"
"కత్తిరిస్తే నొప్పుండదు. ఒంట్లో భాగం కాదు!"
"మరి లాగితే నొప్పెందుకు?"
"గోళ్లయితే?"
"గోళ్లు వస్తాయి."
"ఎవరు చెప్పారు?"
"ప్రోఫే, మీరు చెప్పండి!"
నేను బూటు లేసు కట్టుకుంటున్నాను.
చాలాసేపు కట్టుకున్నాను.
పద్దెనిమిది మంది, ఆమె చుట్టూ.
బరువెంతో చూద్దామని ఒకరు జడని చేతిలోకి తీసుకున్నారు,
ఒకరు తమ పిలకతో పక్కపక్కన పెట్టి కొలిచారు.
"నువ్వే చెప్పు," అంది చివరికి రెనాతా,
"జడ నీదిగా."

రాదంటే ఈ వారం కూడా గెలుపు ఆమెదే.
వారా ఆలోచించింది.
"వస్తుంది," అంది.
జడని పిడికిట్లో బిగించి
రెనాతా మీదికి దూకింది.

ఆ తర్వాత అరుపులు.
గంట కొట్టేదాకా ఒక్కరూ దొరకలేదు ఆమెకి.
ఒంటిచేత్తో కోటు బొత్తాలు పెట్టుకుంది,
రెండో చెయ్యి జడమీదే.
బస్సు కిటికీలోంచి ఫౌస్తో గొంతు చించుకున్నాడు:
"వచ్చే గురువారం దాకా నువ్వే!"

గేటు దగ్గర వాళ్ల నాన్న
జడ ఎందుకలా పట్టుకున్నావని అడిగినట్టున్నాడు.
ఆమె ఏమీ చెప్పలేదు.
ఆయన మోచేతిని ఒక్క వేలితో తాకి
పరిగెత్తింది.
ఆయనకి నియమాలు తెలీవు.
ఓ క్షణం అలాగే నిలబడి,
సిమెంటు ఆరిన చేతులతో
వెంటపడ్డాడు.