ముందు పాడినవాళ్ళు

టిక్కెట్టు మీద ఆరున్నర అని ఉంటే
ఆరుకే వెళ్ళి కూర్చునే మనిషిని నేను.
మా ఆవిడ నవ్వుతుంది:
"పెద్దాయన తొమ్మిదికి గానీ రాడు,
ఇప్పుడెళ్ళి కుర్చీలు లెక్కబెడతావా?"
లెక్కబెడతాను. నా ఉద్యోగమూ అదే,
మిర్చి యార్డులో కాటా గుమస్తాని.

గుంటూరు, అమరావతి రోడ్డు, కాలేజీ గ్రౌండు.
ఎండ ఇంకా ప్లాస్టిక్ కుర్చీల్లోంచి లేవలేదు.
ముందు వరస సోఫాల మీద
ఇంకా రానివాళ్ళ పేర్లు కూర్చుని ఉన్నాయి.
ఫ్లెక్సీ నిండా పెద్ద గాయకుడి నవ్వు, లారీ అంత.
దాని కింద సిమెంటు కంపెనీ,
దాని కింద బిర్యానీ పాయింటు,
అన్నిటికన్నా కింద, మేకు కొట్టిన చోట చినిగి
"...మరియు బృందం".
ఆ మరియు కోసమే నేనొచ్చింది.

ముగ్గురొచ్చారు.
డ్రమ్ముల వెనక లావుపాటి కుర్రాడు.
స్టాండు లేక, రెండు కుర్చీల మీద కీబోర్డు పెట్టి
దాని మీదకి వంగిపోయిన ఇంకొకడు.
చున్నీ నడుముకి బిగించి, మైకుని
కోడిపిల్లలా పట్టుకున్న అమ్మాయి.

మొదటిది తెలిసిన సినిమా పాటే. భయానికి పరిగెత్తింది.
డ్రమ్ముల కుర్రాడు వెంటపడి అందుకోలేక
రెండో చరణంలో నవ్వేశాడు.
పెట్టెల వెనక నించి ఎవరో
"చెక్, చెక్" అంటూనే ఉన్నాడు.

రెండోది వాళ్ళ సొంతం.
పత్తి మిల్లు మూసేసిన పొద్దున
గేటు బయట నిలబడిపోయిన సైకిళ్ళ మీద పాట.
అందులో ఒకచోట ఆమె గొంతు
పైకి పోవాల్సింది పోక,
బెల్లు లేని సైకిలు సందు మలుపులో ఆగినట్టు
ఆగి,
మళ్ళీ కదిలింది.

"ఏందబ్బా ఈ గోల, మెయినోడు ఎప్పుడొస్తాడంట?"
అన్నాడు నా వెనకాయన.

యార్డులో మేం బస్తా మూతి కోసి
పిడికెడు కాయ తీసి చూస్తాం.
తొడిమ విరిచి, చెవి దగ్గర గింజ గలగలలాడించి.
బస్తా ఎవరింటికో పోతుంది.
ఆ పిడికెడు మాత్రం
సాయంత్రం దాకా నా చేతిలో మండుతుంది.
ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

పదహారుమందిమి చప్పట్లు కొట్టాం.
ఒకాయన దోమని కొట్టాడేమో, పదిహేను.

ఆమె పేర్లు చెబుతుండగానే మైకు కట్టేశారు.
పెదవులు కదిలాయి, అంతే.
లేచి స్టేజీ వెనక్కి నడిచాను.
ఆటోలో పెద్ద డ్రమ్ము పట్టక తిప్పలు పడుతున్నారు.
"మీ పేరేంటమ్మా?"
కరెంటు బిల్లు అడిగినట్టు బెదిరింది.
కృపామణి, నల్లపాడు.
కీబోర్డు జోయెల్. డ్రమ్ములు టైర్ల షాపు బాజీ.
"సైకిళ్ళ పాటలో ఒకచోట ఆగావు చూడు..."
"మాట మర్చిపోయానండీ. తప్పయింది."
"ఈసారీ మర్చిపో" అన్నాను.

తొమ్మిదీ పదికి టపాకాయలు పేలాయి.
పెద్దాయన బాగానే పాడాడు, అబద్ధమెందుకు.
ఫోన్లో ఎలా వింటామో అచ్చం అలాగే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే
"ఏం పాడాడేంటి?" అంది ఆవిడ.
నోట్లో సైకిళ్ళే తిరుగుతున్నాయి,
సగం మాటలు ఊడిపోయి.
పాడుతూ పాడుతూ
ఆ మలుపు దగ్గరికొచ్చి నేనూ ఆగాను.
"ఊఁ, తర్వాత?"
అంది, తువ్వాలు నాకివ్వడం మర్చిపోయి.