నలభైరెండో నంబరు కోటు

మా ఆఫీసులో జెరాక్స్ మిషను వెనక
ఒక ఇనుప బీరువా ఉంది.
చట్టం పుస్తకాలు దాన్లో లేవు.
ఆరు కోట్లు, తొమ్మిది చొక్కాలు,
ముడి విప్పకుండా తగిలించిన టైలు.
జైల్లో ఉంటే ముడి మర్చిపోతారని
సిగ్నే వాటినలాగే ఉంచుతుంది.

బూడిదరంగుది, నలభైరెండు సైజుది,
సిగ్నే వాళ్ళాయనది. ఓడరేవులో ధాన్యం తూచేవాడు.
పెళ్ళికోసారి, చర్చికి కొన్నిసార్లు తొడిగి
పోయాడు.
ఆ తర్వాత అది ముప్పైమందిని
జ్యూరీ ముందు నిటారుగా నిలబెట్టింది.
గెలిచినవి నేను లెక్కపెట్టను.
ఓడినవి కోటుకి తెలుసు.

ఈ సోమవారం ఎర్విన్ డిఫో వంతు.
డులూత్‌లో డిసెంబరు రాత్రి, సున్నాకి ఇరవైరెండు కింద,
లాండ్రీ తలుపు తాళం విరిగుంటే లోపలికి పోయి
డ్రయ్యర్‌కి వీపానించి పడుకున్నాడు.
చిల్లరపెట్టె పగలగొట్టాడని సర్కారు వాదన.
అది నవంబరు నుంచీ పగిలే ఉందని
అక్కడ ఊడ్చే ముసలామె నాతో చెప్పింది,
మూడుసార్లు వెళ్ళాక, నాలుగోసారి.

నా బల్ల మీద నూటపద్నాలుగు ఫైళ్ళు.
మనిషికి మెట్ల దగ్గర ఏడు నిమిషాలు.
"నువ్వు నిజం లాయరువా, వాళ్ళు పంపిన మనిషివా?"
అందరూ అడిగేదే. ఎర్విన్ అడగలేదు.
కోటు జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.
తీస్తే ఎర్ర ఉన్ని గ్లౌజు, ఒక్కటే,
నాలుగేళ్ళ పిల్ల చేతికి సరిపోయేంత.

ఎవరిదో నాకు తెలుసు.
అక్టోబరులో బెయిలు మీద ఇంటినుంచి వచ్చి
ఆ కోటు తొడుక్కున్నవాడు
తీర్పు విని, విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చి
పక్క తలుపులోంచి వెళ్ళాడు.
ఆ తలుపుకి అవతలివైపు పిడి ఉండదు.

చెప్పలేదు నేను.
ఎర్విన్ దాన్ని తిప్పి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టి
పైనుంచి ఒకసారి తట్టాడు,
నిద్దరోయే పిల్లని తట్టినట్టు.

జ్యూరీ ఆరుగురు.
సర్కారు లాయరు మంచి కుర్రాడే, పాపం జలుబు,
ప్రతి ప్రశ్నకీ ముందు ముక్కు చీదాడు.
హీటరు మోతలో నా వాదన నాకే సగం వినపడలేదు.
రెండు గంటలకి తీర్పు:
దొంగతనం కాదు. దూరడం మాత్రం తప్పే.
గడిపిన నలభైమూడు రోజులూ చాలు, వెళ్ళొచ్చు.
జడ్జి హాల్వర్సన్ మావైపు చూడకుండానే
తరవాతి ఫైలు తెరిచింది.
దీన్ని మేం గెలుపు కింద రాసుకుంటాం.

మెట్ల కింద కోటు విప్పేశాడు.
అరెస్టునాటి పల్చటి స్వెట్టరు, అంతే.
ఉంచుకో అనాలి నేను. నోరు తెరిచాను కూడా.
"గురువారం ఇంకొకరికి కావాలన్నావుగా" అన్నాడు.
అన్నాను, పొద్దున, భయం పోగొట్టడానికి:
ఈ కోటు తీరిక లేనిది, చేయి మంచిది, అని.
సరస్సు మీది గాలి రోడ్డు దాటి వస్తోంది.
అతని ఒంటి వెచ్చన నా చేతుల మీద
ఆరిపోయేదాకా నిలబడి, పైకెళ్ళాను.

గురువారం ఫైలు తీశాను.
గార్నెట్ లిండ్‌స్ట్రోమ్. ఆరడుగుల మూడంగుళాలు,
రెండువందల అరవై పౌన్లు.
సిగ్నే కళ్ళద్దాలు పైకి తోసి చదివి
"యాభై కావాలి ఇతనికి" అంది.

మెట్లు రెండేసి దిగాను, కోటు పట్టుకుని.
బస్‌స్టాపులో మంచు మీద బూట్ల గుర్తులు
అటూ ఇటూ, అటూ ఇటూ,
చలికి తిరిగినవి.